మచ్చు ముక్క

కిలో అశోక బెరడు పొడి కావాలంటే మూడు వందల రోకటి పోట్లు పడాలి. ముప్పై ఏళ్ళుగా చౌడేశ్వరి లెక్క అది. ఇవాళ నూట నలభై దగ్గర ఆగింది. రోట్లోంచి చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంది. వగరుగానే ఉంది. కాదేమో.

వన్ టౌన్‌లో మూలికల కొట్టు, దాని వెనక గది. ఆడవాళ్ళ నెలసరి బాధలకు ఇక్కడి కషాయప్పొడి కోసం గుడివాడ నుంచి కూడా వస్తారు. దంచేదీ, తూచేదీ, ఎవరికెంతో చెప్పేదీ ఆమే. పెడనలో మగ్గం మూలపడి, మొగుడు పోయాక వచ్చి చేరింది. యాభై ఎనిమిదేళ్ళు. మగవాడి భుజాలు. కుడి అరచేతిలో రోకలి పట్టి కాచిన కాయ. గోళ్ళ చివర్లు బెరడు రంగు.

కొత్తగా పెళ్ళయినట్టున్న ఒకతను వచ్చి, "మా ఇంట్లోవాళ్ళకి... ఆ పొడి..." అని నసిగాడు.

"ముట్టు ఎక్కువవుతోందా, తక్కువా? లేపోతే తెల్లబట్టా?" కొట్టంతా వినబడేట్టు అడిగింది.

"ఎక్కువేనండి."

"అట్టా చెప్పాలి నాయనా. నువ్వు సిగ్గుపడితే మందు మారిపోద్ది."

తన సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఎనిమిదేళ్ళ కిందట ఆగిపోయిన ముట్టు మూడు నెలలుగా మళ్ళీ కనబడుతోంది. రెండు పూటలా కషాయం తాగుతోంది. తగ్గలేదు. మందు తప్పు కాదు, ఎంతమందికి తగ్గలేదు కనుక! ఒళ్ళు తప్పని అనుకోవడానికి మనసు రాలేదు. ఇక మిగిలింది బెరడు. అపార్టుమెంట్ల ముందు నిటారుగా పెరిగే నరమామిడిని ఊరంతా అశోక చెట్టనే అంటుంది. ఈ మూటలో దాని బెరడు కలిపి ఉంటారు.

"బాబుగారూ, ఈ మూట నరమామిడండి," అంది కొట్టు యజమాని ఉమామహేశ్‌తో.

"నీకెట్టా తెలిసింది?"

"పని చెయ్యట్లేదు."

"ఎవరికి? ఒక్కరూ వచ్చి అడగలేదే!"

ఆమె రోకలి అందుకుంది.

మధ్యాహ్నం రేకు డబ్బా తీసింది. అందులో బొటనవేలంత అసలు బెరడు. తను పనిలో చేరిన ఏడాది పెద్దాయన, ఉమామహేశ్ తండ్రి, చేతిలో పెట్టాడు. "ఇది మచ్చు. అనుమానం వస్తే నన్ను కాదు, దీన్నడుగు." దాన్ని ఒక గాజు గ్లాసులో, మూటలోని ముక్కను మరోదానిలో నానేసి కిటికీలో పెట్టింది. అసలుదైతే నీళ్ళు ఎర్రబడతాయి. మూట చెడ్డదని తేలాలని కోరుకునే కొట్టు మనిషి ఎక్కడైనా ఉంటుందా? ఆమె కోరుకుంది.

నాలుగింటికి గుణదల నుంచి ఎలిజబెత్ వచ్చింది. రిటైరైన నర్సు, కోడలి కోసం పొడి తీసుకుంటుంది.

"సిస్టరుగారూ, మా వీధిలో ఒకావిడకి ఎనిమిదేళ్ళ కిందట ఆగిపోయి మళ్ళీ మొదలైందండి. ఎంత పొడి ఇమ్మంటారు?"

ఎలిజబెత్ సంచీ కింద పెట్టింది. "ఆగాక వచ్చేది ముట్టు కాదు చౌడమ్మా. దానికి పొడి కాదు, పరీక్ష కావాలి."

"మూట మంచిది కాదేమోనండి, అందుకే..."

"మూట సంగతి తర్వాత. ఆవిడకి నొప్పుందా?"

చౌడేశ్వరి చెయ్యి తెలియకుండానే పొత్తికడుపు మీదికి పోయింది. ఎలిజబెత్ ఆ చేతిని చూసి గొంతు తగ్గించింది. "ఆ ఒకావిడని రేపు ఎనిమిదింటికి బెంజ్ సర్కిల్ దగ్గరికి రమ్మను. నేనే తీసుకెళ్తా."

పొద్దు వాలేటప్పటికి రెండు గ్లాసుల్లోనూ నీళ్ళు ఎర్రబడ్డాయి. వెలుతురుకెత్తి చూసింది, చేతులు మార్చి చూసింది, రెండూ రుచి చూసింది. ఒకటే ఎరుపు, ఒకటే వగరు. ఏది మచ్చో, ఏది మూటో ఆమెకే తెలియకుండా పోయింది. రెండూ తిరిగి కిటికీలో పెట్టేసింది.

"బాబుగారూ, బెరడు అసలుదేనండి."

"నే చెప్పలా?"

"రేపట్నుంచి రానండి."

"ఎన్ని రోజులు?"

"తెలీదండి."

అంకె లేకుండా ఆమె జవాబు చెప్పడం ఉమామహేశ్ ఎప్పుడూ వినలేదు.

ఆలస్యమైందన్నారు ఆసుపత్రిలో. శ్రావణం రాకముందే చౌడేశ్వరి పోయింది.

కొత్త మూట దిగిన రోజు ఉమామహేశ్ మచ్చు కోసం రేకు డబ్బా తెరిచాడు. ఖాళీ. కిటికీలో రెండు గ్లాసులు, నీళ్ళు ఎప్పుడో ఇగిరిపోయి, అడుగున ఎర్రటి చార మీద చెరొక బెరడు ముక్క.