అడుగున పెట్టిన చీర

మంచి చీరను ముందు పరచకూడదు. ఎమ్మిగనూరు దాసన్న తండ్రి దగ్గర నేర్చిన వ్యాపారం ఇది. ముందు మామూలువి విప్పాలి, మజ్జిగ ఇప్పించాలి, కొనేవాళ్ల కళ్లు కనిపెట్టాలి. వచ్చిన మనిషి చాప మీద కుదురుగా కూర్చున్నాక అడుగునున్నది బయటికి తీయాలి. అప్పుడది చీర కాదు, ఆ మనిషి కోసమే ఆగిన అదృష్టం.

కోడలు హర్షిణి అంగడికి వెబ్‌సైట్ కట్టేటప్పుడూ ఆయన అదే పద్ధతి పెట్టించాడు. ఆమె పేజీలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ తెరిచి ఫొటోల గళ్లను అటూ ఇటూ జరుపుతుంటే, వెనక నిలబడి, "మామూలువి ముందర పెట్టు, మేలువి అడుగుకు పోనీ" అని పురమాయించాడు. అట్లా సుబ్బక్క నేసిన చీర చివరి పేజీ అడుగుకు చేరింది.

ఆయనకు చేతిమగ్గం మీద నేసి ఇచ్చేవాళ్లలో మిగిలింది సుబ్బక్క ఒక్కతే. వానకు ముందరి ఆకాశం రంగు చీర, నల్లరేగడి మీద మబ్బు దిగినట్టు అంచు.

"ఇది పోకుంటే మగ్గం ఇప్పేస్తానప్పా. కర్నూల్లో నా చెల్లెలు హోటలు పెట్టిండాది, ఆడికి పోతా" అంది.

బెదిరింపు కాదు, లెక్క తేల్చుకున్న గొంతు. ఆ మగ్గం దిగిందంటే దాసన్న అంగట్లో మిగిలేవి మరమగ్గం గుడ్డలే.

వారాలు గడిచాయి. ఎండకు వీధంతా నీళ్లలో మునిగినట్టు ఊగుతున్న ఒక మధ్యాహ్నం హర్షిణి పిలిచింది.

"మామా, సైట్‌కు జనం వస్తాండారు. మొదటి పేజీ చూసి పోతాండారు."

"కూర్చోబెట్టల్ల కదమ్మా!"

"యాడ కూర్చోబెట్టేది? బస్సులో నిలబడి చూస్తాండారో, అన్నం తింటా చూస్తాండారో. మీ మజ్జిగ వాళ్లకు అందదు."

"కళ్లు చూడకుండా బేరం ఎట్ల?"

"ఈడ చూసేది వాళ్లు మామా, మీరు కాదు."

దాసన్న తెరకేసి చూశాడు. ఆ తెల్లటి పేజీలో ఎవరెవరో నడుస్తున్నట్టు తోచింది. ముఖాల్లేవు, చెప్పుల చప్పుడు లేదు. గాలిలా వచ్చి, ముందున్న ముతక చీరల కొంగులు కదిలించి, గాలిలాగే పోతున్నారు. ఎక్కడో అడుగున సుబ్బక్క ఆకాశం మడతల్లో చీకటిపడుతోంది. అంగట్లో దాచిన సరుకు విలువ పెరుగుతుంది. ఇక్కడ దాచడమంటే పారేయడమే.

మౌస్ అందుకున్నాడు. గడి చేతికి చిక్కక జారుతోంది.

"మెల్లగ మామా, చీర నలిగిపోతాది!" హర్షిణి నవ్వింది.

ఆయన నవ్వలేదు. బావిలోంచి ఆకాశాన్ని చేదుతున్నట్టు ఆ చీరను పేజీ తర్వాత పేజీ పైకి లాగి, అన్నిటికంటే ముందు వదిలాడు. హర్షిణి పబ్లిష్ నొక్కింది.

కొన్నాళ్లకే చీర అమ్ముడుపోయింది. కొన్నామె అట్లాంటిదే ఇంకొకటి కావాలని రాసింది. దాసన్న సుబ్బక్కను పిలిపించాడు.

"అట్లాంటిది మల్లా రాదప్పా. ఆ పొద్దు మబ్బు ఆ పొద్దే పాయ."

"మరి మగ్గం ఇప్పేస్తావా?"

సుబ్బక్క వాకిట్లో నిలబడి పడమటి దిక్కు చూసింది.

"ఈపొద్దు ఇంగో రకం మబ్బు పట్టిండాది. నూలుకు రంగేసుకోనీ" అంటూ గబగబా వెళ్లిపోయింది.

చేతిలో లేని సరుకు మాటెత్తని దాసన్న, కోడలితో మొదటి పేజీ నెత్తిన ఒక ఖాళీ గడి పెట్టించాడు. ఫొటో లేదు, ధర లేదు.

"దీంట్లో ఏం రాయల్ల మామా?"

"సుబ్బక్క నేస్తాండాది అని రాయి."