చెయ్యెత్తే ముందు

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక అందరం అమ్మ ఇంటికి చేరడం ఫిలిప్పీన్స్‌లో మా బతాంగాస్ వైపు మామూలే. పిల్లలు వరసగా వచ్చి పెద్దల చెయ్యి అందుకుని నుదుటికి ఆనించుకుంటారు, పెద్దలు దీవిస్తారు. ఊళ్లో జనాన్ని ఎక్కించుకుని జీప్నీ బండి నడిపే నా తమ్ముడు రొమ్మెల్ కూడా కూతురికి చెయ్యి చాచాడు. ఆరేళ్ల ఇస్కా ఆ చెయ్యి చూడగానే రెండు చేతులూ నెత్తికి అడ్డం పెట్టుకుని కళ్లు మూసుకుంది.

అందరూ నవ్వారు. "భయం ఉంది, మంచిదే," అంది అమ్మ, పులుసులో చేప ముక్క వెతుక్కుంటూ. రొమ్మెల్ కూడా నవ్వాడు గానీ ఆ తర్వాత వాడికి ముద్ద దిగలేదు. నాకైతే ఒళ్లు మండింది. దీవించే చేతిని చూసి పిల్ల జడుసుకుందంటే ఆ తప్పు పిల్లది కాదు.

తిన్నాక వాడు కోళ్లగూడు వెనక్కి వెళ్లాడు. వెనకే వెళ్లాను. ముప్పై దాటిన మనిషి, అమ్మకి కనపడకుండా సిగరెట్టు కాలుస్తున్నాడు.

"ఎందుకురా దాక్కుంటావు?"

"అమ్మ చూస్తే చెప్పు తీస్తుంది కదక్కా."

"చిన్నప్పుడు తిన్న చెప్పుదెబ్బలు నీకు సిగరెట్టు మాన్పించలేదు, దాక్కోడం నేర్పాయి. నీ కూతురికీ అదే విద్య నేర్పుతున్నావు."

"మరేం చెయ్యమంటావు? తియ్యగా చెబితే వింటుందా? నెత్తికెక్కి కూర్చుంటుంది."

"తియ్యగా చెప్పమని ఎవరన్నారు? చెయ్యి లేచినప్పుడు నువ్వు కింద కూర్చో. ఏం జరిగిందో దాన్నే చెప్పనీ. చెడగొట్టింది దాని చేతే బాగుచేయించు."

"టీవీలో పంతులమ్మలా మాట్లాడకు."

"నలుగురిని కని పెంచాన్రా, నాకు టీవీ ఎందుకు?"

వాడు సిగరెట్టు నలిపేశాడు. "నన్ను చూసి జడుసుకుందక్కా," అన్నాడు.

ఆ వారంలోనే ఫోన్ చేశాడు. "బియ్యం సంచి తీసుకెళ్లి కోళ్లకి కుమ్మరించిందక్కా! పళ్లు నూరుకుంటూ కూర్చున్నాను. ఇద్దరం ఏరుతూనే ఉన్నాం, పొద్దు గూకింది. రెండు తగిలిస్తే క్షణంలో తేలిపోయేది!"

"తేలిపోయేది. రేపు మళ్లీ కుమ్మరించేది."

"పోనీలే, కోళ్లు పండగ చేసుకున్నాయి," అని నవ్వాడు. ఆ తర్వాత ఒకసారి నిగ్రహం తప్పి చెయ్యి చేసుకున్నాడు కూడా. ఆ పూటే పిల్ల దగ్గర తప్పు ఒప్పుకున్నాడని మరదలు చెప్పింది. నాకు చెప్పలేనంత సంతోషమేసింది.

జనవరిలో బాలయేసు పండగొచ్చింది. అమ్మ ఇంట్లోని విగ్రహానికి కొత్త బట్టలు తొడగాలి. అది మా అమ్మమ్మ నాటిది, అమ్మకి ప్రాణం. ఇస్కా ఎవరికీ చెప్పకుండా తనే అంగీ తొడగబోయింది. విగ్రహం చెయ్యి టప్పున విరిగి చేతికొచ్చింది.

"ఏమిటా చప్పుడు?" అంటూ అమ్మ వంటింట్లోంచి చెప్పు తీసుకునే వచ్చింది. నేను గుమ్మంలోనే ఉన్నాను. ఇస్కా నా వెనక నక్కుతుందనుకున్నాను. అది నన్ను దాటుకుని, వాకిట్లో జీప్నీ కడుగుతున్న తండ్రి దగ్గరికి తిన్నగా నడిచింది. అరచేతిలో ఆ విరిగిన ముక్క చూపించింది.

"నాన్నా, నేనే విరగ్గొట్టాను."

రొమ్మెల్ మొహం ఎర్రబడింది. వాడు బకెట్టు పక్కకి నెట్టి తడినేల మీదే చతికిలబడ్డాడు.

"ఏదీ, వేళ్లు చూపించు. నీకెక్కడా గీసుకోలేదు కదా?"

అమ్మ గుమ్మం దాటలేదు. అక్కడే నా వైపు తిరిగింది.

"ఆ విగ్రహం మెడ దగ్గర అతుకుంది, చూశావా? చిన్నప్పుడు పడేసింది నేనే. మా అమ్మ వాతలు తేలేట్టు కొట్టింది. నాకు దెబ్బ తగిలిందా అని ఒక్క మాట అడగలేదే."

చేతిలోని చెప్పు కింద పడేసి కాలికి తొడుక్కుంది. "జిగురు అలమరలో ఉంది. పిల్లని తీసుకురా, ఎలా అతికించాలో చూపిస్తాను," అంటూ లోపలికి నడిచింది.