ఇరవై అయిదో పేజీలో పడవ

కొత్తపేట బస్టాండు దగ్గర నా టైలరింగ్ షాపు. దాన్నానుకునే సుబ్రహ్మణ్యేశ్వరరావు గారి అద్దె పుస్తకాల షాపు. అందులో ఆయన దుమ్ము దులపగా చూసినవాళ్ళు ఈ ఊళ్ళో లేరు. బిల్డింగు పడగొడుతున్నారని మొన్న ఆషాఢంలో షాపు ఖాళీ చేస్తూ, రెండు అట్టపెట్టెలు మోసుకొచ్చి నా మిషను పక్కన దింపారు.

"డిటెక్టివు బొమ్మల పుస్తకాలు దుర్గమ్మా. కాటాకి వెయ్యడానికి మనసొప్పలేదండి. మీ నాన్నగారంత ఇదిగా వీటిని ఎవరు చదివేరు గనక?"

మా నాన్న ముత్యాలు రేవులో పడవ నడిపేవాడు. అన్నం లేకపోయినా ఊరుకునేవాడు గానీ వారానికో బొమ్మల పుస్తకం లేకపోతే ఊరుకునేవాడు కాదు. వాటికి రంగులుండేవి కావు. లోపలంతా నలుపూ తెలుపూ, అందులోనూ నలుపే ఎక్కువ. వానకి తడిసిన వీధి, ఒక్క దీపం, టోపీ కింద సగం మొహం. హంతకుడెవరో చివరిదాకా కనిపించడు. వాడి బూట్లు కనిపిస్తాయి, వాడి నీడ మెట్లెక్కుతుంది. ఇప్పుడు టీవీలో బిందెలకొద్దీ నెత్తురు పోస్తున్నా నాకు ఆవలింతలే వస్తాయి. ఆ మెట్ల మీది నీడని చూస్తే మాత్రం ఈ వయసులోనూ ఒళ్ళు జలదరిస్తుంది.

"నలుపులోకి చూడవే. అక్కడ ఎవడో ఒకడుంటాడు," అనేవాడు నాన్న నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని. చూసేదాన్ని. నిజంగానే ఉండేవాడు.

అద్దె పుస్తకాలు చదివేవాళ్ళకి అప్పట్లో ఒక అలవాటుండేది. చదివిందే మళ్ళీ తెచ్చుకోకుండా ప్రతివాళ్ళూ ఏదో ఒక పేజీలో తమ గుర్తు పెట్టుకునేవారు. ఒకరిది సున్నా, ఒకరిది ఇంటూ, హైస్కూలు మాస్టారైతే ఏకంగా సంతకమే. నాన్నది ఇరవై అయిదో పేజీ. గాలం ముల్లు మొనతో నల్లటి బొమ్మ మీద చిన్న పడవ గీకేవాడు. పుస్తకాన్ని ఏటవాలుగా వెలుగుకి పెడితేనే అది కనిపిస్తుంది. ఆ సంగతి మా ఇంట్లో ముగ్గురికే తెలుసు.

ఎనభయ్యారు వరదలో నాన్న పడవ బోర్లాపడి దొరికింది. నాన్న దొరకలేదు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. పెద్దలు దర్భలతో మనిషిని చేసి ఏటిగట్టున తగలబెట్టారు. అమ్మ బొట్టు తీసేసింది.

ఆ మధ్యాహ్నం బేరాల్లేవు, ఒకటే వాన. పెట్టె తెరిచి ఒక్కో పుస్తకమూ ఇరవై అయిదో పేజీ దగ్గర తిప్పి గుమ్మం వెలుతురుకి పట్టుకున్నాను. పడవ. ఇంకో దాంట్లో పడవ. కళ్ళు తుడుచుకుంటూ మూడోది తీశాను. అందులోనూ పడవ ఉంది. పుస్తకం షాపుకి వచ్చిన తేదీని అట్ట లోపల ముద్ర వెయ్యడం రావు గారి పద్ధతి. ఆ ముద్ర ఎనభై ఎనిమిది నాటిది.

గుమ్మం అవతల ఎవరో నిలబడ్డట్టనిపించి తలెత్తాను. ఎవరూ లేరు, చూరు నీళ్ళు కారుతున్నాయి.

దర్భ మనిషి కాలిపోయిన రెండేళ్ళకి నాన్న ఈ పుస్తకం చదివాడా? భయం వేసింది, దాని వెనకాలే ఒళ్ళు మండింది. చచ్చిపోయినవాడి మీద బెంగ పెట్టుకోవచ్చు. బతికుండీ ఇంటికి రానివాడి మీద ఏం పెట్టుకోవాలి? అమ్మ నుదురు బోసిగా చూస్తూ పెరిగినదాన్ని నేను.

పుస్తకం పట్టుకుని పక్క షాపుకి వెళ్ళి, వరద తరవాత ఈ పుస్తకాలు ఎవరు తీసుకెళ్ళేవారని అడిగాను.

"ఇంకెవరండీ, మీ అమ్మగారే," అన్నారు రావు గారు, నాకు తెలియదా అన్నట్టు. "వారం వారం వచ్చేవారు."

"మా అమ్మకి అక్షరం ముక్క రాదు కదండీ?"

"ఆయ్! బొమ్మలు చూడ్డానికి అక్షరాలెందుకండీ?"

షాపు కట్టేసి, పెట్టెలు ఆటోలో వేయించుకుని ఇంటికి వెళ్ళాను. అమ్మ, పేరు మరిడమ్మ, వీధరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. కళ్ళకి శుక్లాలు, పనంతా వేళ్ళతోనే. పుస్తకం ఒళ్ళో పెట్టి అడిగాను.

అమ్మ చింతపండు పక్కకి జరిపింది. తరవాత అంది, "ఒళ్ళు దొరకలేదు కదే. గడ్డిబొమ్మని తగలెట్టి పోయేడంటే ఎలా నమ్మేది? ఇంటికి రాకపోయినా పుస్తకాల కొట్టుకి రాకుండా ఉండలేడనుకున్నాను. వచ్చి చూస్తే, నేను కనిపెట్టుకుని ఉన్నట్టు తెలవాలి కదా."

"అయితే ఈ పడవలు నువ్వు గీసినవా?"

"నావి తడిమితే తెలుస్తాయి. ఆయనది ఖాళీ పడవ. నాకు ఖాళీ పడవంటే భయం. అందుకే మధ్యలో ఒక చుక్క పెట్టేదాన్ని, ఆయన కూచున్నట్టు."

వెలుగుకి పెట్టి చూశాను. ఉంది, సూది మొనంత చుక్క. హమ్మయ్య అనుకున్నాను. అలా అనుకున్నందుకు వెంటనే సిగ్గేసింది. నాన్న చచ్చిపోయాడని తేలితే కూతురు అనుకోవలసిన మాటా అది?

అమ్మకి హుషారొచ్చింది. పెట్టెలో ఉన్నవన్నీ పేజీ తీసిపెట్టమంది. బొటనవేలితో తడిమి, "ఇది మీ నాన్నది. ఇది నాది. ఇదీ నాదే," అంటూ పక్కన పెడుతోంది. అడుగున ఉన్న పుస్తకం దగ్గర వేలు ఆగిపోయింది. మళ్ళీ తడిమింది.

"ఇందులో ఎంతమందున్నారే?"

చూశాను. నల్లటి వీధి, దీపం, వాన. దీపం కింద గీకిన పడవ. పడవలో రెండు చుక్కలు, పక్కపక్కనే.

"ఇద్దరు," అన్నాను.

"నేనెప్పుడూ ఇద్దర్ని పెట్టలేదు."

ముద్ర చూసి అమ్మకి చదివి చెప్పాను. తొంభై మూడు.

"అదే నేను ఆఖర్న తెచ్చింది," అంది అమ్మ. "ఏడేళ్ళు చూసేను. ఇంక రాడులే అని, అది ఇచ్చేసింతరవాత మళ్ళీ ఆ కొట్టు గడప తొక్కలేదు."

అమ్మ ఏడవలేదు. చింతపండు చెయ్యి చీరకి తుడుచుకుని, ఆ బోసి నుదుటి మీద ఒకసారి వేలు పెట్టుకుంది, అక్కడేదో ఉందేమో చూసుకున్నట్టు. అది చూసి నేనే ఏడ్చాను.

ఆ రెండో చుక్క ఎవరో కుర్రకుంక పెట్టి ఉంటాడని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. కానీ ఆ నలుపులో పడవ ఉందని వాడికెలా తెలుస్తుంది?

ఇప్పుడు ఆ పుస్తకాలు నా షాపులో బీరువా నిండా ఉన్నాయి. బయట బోర్డు కూడా రాయించాను, పుస్తకాలు అద్దెకివ్వబడునని. జాకెట్టు గుడ్డలు తెచ్చినవాళ్ళు చదివి నవ్వుతున్నారు. నవ్వనీ.

ఆ తొంభై మూడు నాటి పుస్తకాన్ని మొన్నొక రోజు తీసి, గుండుసూది పట్టుకుని మూడో చుక్క పెట్టబోయాను. ఎనిమిదేళ్ళ పిల్లని ఒడ్డునే వదిలేసి వాళ్ళిద్దరే కూర్చుంటే ఎలా?

సూది పేజీకి తగిలాక ఆగిపోయాను. పుస్తకం మూసి బీరువాలో అందరికీ కనబడే చోట పెట్టాను. నా చుక్క నేను పెట్టుకుంటే ఏముంది? ఆయనే పెట్టాలి.