ఎనిమిది గుంటలు

ఆదివారం మధ్యాహ్నం రాజన్న పాత బేరింగును తుక్కు కింద వేయడానికి ఉప్పుగూడలోని నా బేరింగుల దుకాణానికి వచ్చాడు. ఛత్రినాక బోనాల్లో అతని జెయింట్ వీల్ నడుస్తోంది. అల్లుడు సాగర్‌కు అప్పగించి వచ్చాడు. పొద్దున కొత్త బేరింగు ఇచ్చింది నేనే.

తుక్కైనా తిప్పి చూడకుండా తీసుకోను. వేలితో తిప్పితే ఆగి ఆగి కదిలింది. గుండ్లు దొర్లే లోపలి దారిలో గోరు పెట్టి లెక్కించాను. గుండ్లు ఎనిమిది, గుంటలూ ఎనిమిదే. అరుగుదలైతే దారంతా అరుగుతుంది. లెక్కకు లెక్క సరిపోతే అది దెబ్బ.

"దీన్ని ఎట్ల ఎక్కించినవ్?"

"ఎట్లేంది సేటూ, సుత్తితోటి. బయటి అంచు మీద నాలుగేస్తే ఎక్కుతది."

"కొత్తది గూడ గట్లనేనా?"

"అది జర టైటుండె. ఆరేసిన."

ఇరుసును పట్టేది లోపలి వలయం. బయట కొడితే దెబ్బంతా గుండ్ల మీదుగా పోయి దారిలో గుంటలు పెడుతుంది. పొద్దున అతని సంచిలో సుత్తి చూశాను, అడగలేదు. గడప దాటిన సరుకు కొన్నవాడిదని నా లెక్క.

ఇంకో బేరింగు, స్క్రూడ్రైవర్ తీసుకుని అతన్ని స్కూటరెక్కించాను. ఆ వీల్‌కు ఎనిమిది డబ్బాలు, డబ్బాకు నలుగురు. ముప్పై ఇద్దరు.

వీల్ నిండుగా తిరుగుతోంది. మోటారు ఆపించి, సాగర్‌తో చేత్తో మెల్లగా తిప్పిస్తూ, నిచ్చెనెక్కి స్క్రూడ్రైవర్ మొన ఇరుసు చివరనున్న బేరింగు పెట్టెకు ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాను. టక్, టక్.

"గీ డప్పులల్ల నీకేం వినవడ్తది?"

"నువ్వు విను."

విన్నాక అతను నిండు డబ్బాల వైపు చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "ఒక్క దిక్కే దించితే తిరగబడతది. ఎదురెదురు దించాలె."

నలుగురిని దించడం, చేత్తో సగం చుట్టు, మళ్లీ నలుగురు. పైన నిండు, కింద ఖాళీ. చెయ్యి జారితే బరువు దానంతటదే తిరుగుతుంది.

"అంకుల్, జల్ది తిప్పు," పైనుంచి ఒక పిల్ల అరిచింది.

"మెల్లగ తిప్పే రౌండు ఫ్రీ బిడ్డా," అన్నాడు రాజన్న. రెండు చేతులూ కమ్మీ మీదనే ఉన్నాయి.

ఆరో డబ్బా ఖాళీ కాగానే బేరింగు గర్రుమని పట్టేసింది. ఇంకా ఎనిమిదిమంది. ముగ్గురం భుజాలు ఆనించి జానెడు జానెడుగా నెట్టాం. చివరి పిల్ల దిగాకే రాజన్న నేల మీద కూలబడ్డాడు.

జాకీలు పెట్టి బేరింగు ఊడదీశాం. గోరుతో చూశాను. ఎనిమిది.

పక్కనే మిర్చీ బండి మాణిక్యమ్మ కడాయి అడిగాను.

"నా నూనెల ఇనుమేంది సేటూ? తినెటోళ్లు తిట్టరా?"

"కొత్త నూనె నేను పోయిస్త. మిర్చికి కాగినంత వద్దు, సగం చాలు."

నూనెలో వేడికి సాగిన బేరింగు గాజు తొడిగినట్టు ఇరుసెక్కింది. సుత్తి సంచిలోంచి బయటికి రాలేదు.

"మొదలు నువ్వెక్కు," అన్నాడు రాజన్న. "సరుకు నీది."

ఎక్కాను. ఎదురు డబ్బాలో సాగర్ కూర్చున్నాడు. నేను పైకి చేరాక కింద నిచ్చెన మీద రాజన్న స్క్రూడ్రైవర్ చెవికి పెట్టి తల వంచాడు. ఒక చుట్టు, రెండు, మూడు. తల ఎత్తలేదు. ఎనిమిదో చుట్టుకు చెయ్యెత్తి, వరుసలో నిలబడ్డవాళ్లను రమ్మన్నాడు.