కట్ట జపం

మా బడిలో ఆఖరి పీరియడ్ గంట కొట్టగానే పిల్లలు రెండు పాయలుగా విడిపోతారు. ఎక్కువ మంది నీతి పాఠం కోసం సంధ్యారాణి టీచర్ దగ్గరే కూర్చుంటారు. కతోలిక పిల్లలు మాత్రం చర్చి పక్కనున్న చిన్న గదికి, సత్యోపదేశానికి, నా దగ్గరికి వస్తారు. ఆ గదిలో కంప్యూటర్లు పెట్టుకుంటామని బడివాళ్లు ఒకసారి అడిగారు. కంప్యూటర్లను వరండాలో పెట్టుకోమన్నాను. మళ్లీ ఎవరూ అడగలేదు.

అమృత టీచర్‌కు, అంటే నాకు, కోపం ఎక్కువని కోరుట్లలో చాలామందికి తెలుసు. నిజమే, ఎక్కువే. కానీ నా పిల్లలు ఫాదర్ ముందు నిలబడి విశ్వాస సంగ్రహ జపం మొదలుపెడితే ఒక్క మాట తడబడదు. ఆ గర్వం నాకుంది. దాన్ని దాచుకోవాలని కూడా నాకెప్పుడూ అనిపించలేదు.

ఈ ఏడాది పూజలో ఫాదర్ చేతి మీదుగా మొదటిసారి దివ్యసత్ప్రసాదం తీసుకోవలసిన పిల్లల్లో సుస్మిత ఒకతె. నాలుగో తరగతి. చందుర్తి రోడ్డు మీదున్న ఒక పల్లె నుంచి బడి వ్యాన్‌లో వస్తుంది. తల్లి కవిత బీడీలు చేస్తుంది. తండ్రి సంజీవ్ మస్కట్‌లో ఉంటాడు. వాళ్ల బాపు ఆదివారం జరిగే ఈ పండుగ కోసమే లీవు అడిగి పెట్టుకున్నాడని, శనివారం దిగుతున్నాడని, ఆ పిల్ల గదిలో అడుగుపెట్టిన ప్రతిసారీ చెప్పేది. కవిత అప్పటికే సిరిసిల్ల నుంచి తెల్ల బట్ట తెప్పించి గౌను కుట్టించింది. ఈసారి వెళ్తే సంజీవ్ మళ్లీ ఎప్పుడొస్తాడో వాళ్లకే తెలియదు. కాబట్టి ఆ ఆదివారం తప్పితే సుస్మితకు పండుగ ఉంటుంది కానీ, బాపు ఉండడు.

ఎండాకాలంలోనే మా విచారణకు, అంటే ఈ చర్చి కిందున్న ఊళ్లన్నిటికీ, ఫాదర్ దావీదు కొత్తగా వచ్చారు. ఖమ్మం వైపు మనిషి. మంచివారు, కాకపోతే ప్రతిదీ గీత గీసినట్టు ఉండాలి. పండుగకు వారం ముందు పిల్లలందరినీ చర్చిలో కూర్చోబెట్టి పరీక్ష పెట్టారు. ఒక్కొక్కరు జపమాలలో ఒక్కో దేవరహస్యం చెప్పించాలి. ఒక రహస్యమంటే ఒక పరలోక జపం, పది మంగళవార్త జపాలు, చివర త్రిత్వ స్తోత్రం. ఒకరు సగం చెబితే మిగతావాళ్లు సగం అందుకోవాలి. చేతిలో మాల ఉండకూడదు, వేళ్ల మీదే లెక్క.

"మాల ఇంట్లో మరిచిపోతారు. వేళ్లు మరిచిపోరు కదా" అన్నారు ఫాదర్.

నిజం చెప్పాలంటే జపమాల నేను విడిగా నేర్పను. జపాలు నేర్పుతాను. మాల తిప్పడం ఏ ఇంట్లోనైనా పిల్లలకు తల్లి ఒళ్లోనే వస్తుంది. అక్టోబరు నెలంతా చర్చిలో సాయంత్రాలు జపమాల ఉంటుంది కానీ, వ్యాన్ పిల్లలు అప్పటికి ఇళ్లకు చేరిపోతారు.

సుస్మిత వంతు వచ్చింది. మోకాళ్ల మీద నిలబడి కళ్లు మూసుకుంది. గొంతు బాగుంది, మాట స్పష్టంగా ఉంది. నేను వెనక బెంచీలో కాస్త నిటారుగా కూర్చున్నాను. అయితే ఆ పిల్ల వేళ్లు లెక్క పెట్టడం లేదు. కుడిచేత్తో ఏదో తీసి పక్కన పెడుతున్నట్టు, జపానికి ఒకసారి, చెయ్యి కదులుతోంది.

పది అయ్యాయి. సుస్మిత పదకొండోది మొదలుపెట్టింది.

పిల్లలు అలవాటుగా బదులు చెప్పారు. పన్నెండోదానికి సగం మంది ఆగిపోయారు. ఎవరో కిసుక్కున నవ్వారు.

"చాలమ్మా" అన్నారు ఫాదర్.

ఆగలేదు. బదులు చెప్పేవాళ్లు లేకపోతే రెండు సగాలూ తానే చెప్పుకుంటూ పోయింది.

"పాపా, చాలు."

గొంతు ఇంకొంచెం పెంచింది. కళ్లు గట్టిగా మూసుకుంది. ఫాదర్ నా వైపు చూశారు. నేనేం చేసేది? జపం చేస్తున్న పిల్ల నోరు మూయించడం నా వల్ల కాదు. అలా చెప్పి చెప్పి, చివరికి త్రిత్వ స్తోత్రం చెప్పి, రెండు చేతులతో గాలిలో ఒక దారం చుట్టి బిగించి లాగి కళ్లు తెరిచింది.

"కట్ట అయింది" అంది.

చర్చిలో పిల్లలంతా గొల్లున నవ్వారు. నవ్విన వాళ్లను ఒక్క చూపు చూశాను. నవ్వు ఆగింది.

పరీక్ష అయ్యాక ఫాదర్ మెల్లగానే చెప్పారు. "ఈ పాపకు జపమాల రాదు టీచర్ గారూ. వచ్చే ఏడాది చూద్దాం."

"తక్కువ సదివితే రాదనాలె ఫాదర్. ఆ పిల్ల ఎక్కువ సదివింది."

"ఎక్కువ కూడా తప్పే. పూజలో అందరం ఒకేసారి లేస్తాం, ఒకేసారి కూర్చుంటాం. ఎవరికి తోచినప్పుడు వాళ్లు లేస్తే ఎలా?"

"వాళ్ల బాపు మస్కట్ నుంచి అస్తున్నడు, దీనికోసమే."

"లీవు కోసం సత్ప్రసాదం ఇవ్వలేను."

ఆయన మాటలో తప్పు లేదు. తప్పు లేకపోవడమే నాకు మరింత మంట. ఆ మంటలో ఇంకో నాలుగు మాటలు అన్నాను. అవి ఇక్కడ రాయను. చివరికి బుధవారం తల్లిని తీసుకొస్తే పాపను మళ్లీ అడుగుతానని ఒప్పుకున్నారు.

మర్నాడు నా గదిలో సుస్మితను కూర్చోబెట్టుకున్నాను. "పది కాంగనె ఆపాలె. అంతే. ఏం కష్టముంది?" అన్నాను. పిల్ల తలూపింది. మొదలుపెట్టింది. పదో జపం దగ్గర ఆగి, పెదాలు బిగించి, నా వైపు చూసింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. మళ్లీ చెప్పమంటే అసలు నోరే విప్పలేదు. ఇన్నేళ్లలో నా గదిలో చాలామంది పిల్లలు ఏడ్చారు, జపం రాక ఏడ్చారు. జపం ఆపమంటే ఏడ్చిన పిల్లను నేనెప్పుడూ చూడలేదు. నాకు భయం వేసింది. ఇలాగే ఫాదర్ ముందు కూడా నోరు విప్పకపోతే ఆ ఆదివారం ఇక లేనట్టే.

బుధవారం కవిత పిల్లలతో పాటు బడి వ్యాన్‌లోనే వచ్చింది. డ్రైవర్ తిరుపతి ఆమెను తన పక్క సీటులో కూర్చోబెట్టుకుని తెచ్చాడు. మనిషి సన్నగా ఉంది. తంబాకు వాసన వస్తుందనేమో, ఫాదర్ గదిలో చేతులు కొంగులో చుట్టుకుని నిలబడింది.

"ఒక్కో రహస్యానికి పదే అని నీకు తెలియదా అమ్మా?" అని అడిగారు ఫాదర్.

"ఎందుకు తెల్వది ఫాదర్? చర్చిల పదే సదువుత. ఇంట్లనే చెయ్యి ఆగది."

"అంటే?"

"మా అమ్మ మల్లక్క నేర్పింది. అమ్మకు జపమాల ఉండె గని రెండు చేతులు బీడీలకే పాయె. మాల పట్టుకుంటే బీడీ ఆగుతది, బీడీ పట్టుకుంటే మాల ఆగుతది. గందుకని బీడీనే పూస జేసుకున్నది. బీడీకో మంగళవార్త. కట్ట గాంగనె త్రిత్వ స్తోత్రం. కట్టకు ఇరువై అయిదు బీడీలు గద. మావోళ్లందరం గిట్లనే సదువుతం. కట్ట జపం అంటం."

ఫాదర్ మొహం గంభీరమైంది. "పాప చేత కూడా బీడీలు చేయిస్తున్నావా?"

కవిత కొంగులో నుంచి చేతులు బయటికి తీసింది. అప్పటిదాకా తగ్గి ఉన్న గొంతు లేచింది.

"తంబాకు ముట్టనియ్య ఫాదర్. నా ఎదురుంగ కూసుండి జపం చెప్తది, నేను బీడీ చేస్త. నా చేతులకు అంటింది నా బిడ్డ చేతులకు అంటనియ్య. జపం మాత్రం అంటిచ్చిన."

నాకు లేచి ఆమె చేతులు పట్టుకోవాలనిపించింది. పట్టుకున్నాను కూడా. ఫాదర్ చూసీ చూడనట్టు సుస్మిత వైపు తిరిగారు.

"అమ్మ చెయ్యి ఆగదు, సరే. నీ చేతిలో బీడీ లేదు కదా తల్లీ. నువ్వు పదికి ఆపితే ఏమవుతుంది?"

పిల్ల తల్లి చీర పట్టుకుని నేల చూస్తూ నిలబడింది.  తర్వాత నోరు విప్పింది.

"పదంటే పదిమందే అయితరు ఫాదర్."

"ఎవరు పదిమంది?"

"ఒక్కో బీడీ ఒక్కొక్కలకు. మొదటిది అమ్మమ్మకు, గామె సచ్చిపోయింది గద. రెండోది తమ్మునికి. తర్వాత పక్కింటి గంగవ్వకు, గామె మోకాళ్లకు. వ్యాన్ తిరుపతన్నకు. కార్ఖానల బీడీలు మంచిగ లెవ్వని తీసేసే సారుకు గూడ ఉన్నది, ఆయినకు మంచి బుద్ధి పుట్టాలని."

"మరి మీ టీచర్ గారికి?"

"టీచర్ పదకొండోది."

పదికి ఆపమని నా గదిలో అంత గట్టిగా చెప్పింది నేనే.

"మీరు పంతొమ్మిదోది ఫాదర్" అంది సుస్మిత, ఈసారి తల ఎత్తి. "పదికి ఆపుతే మీరు గూడ రారు."

ఫాదర్ ఆమె వైపు కాస్త వంగారు. "నన్నెందుకు పెట్టావు తల్లీ?" అని అడిగారు. పరీక్షలు పెట్టే గొంతు కాదది.

"మీది దూరం ఊరు గద. ఇక్కడ మీకు ఎవలు లేరు గద."

 ఫాదర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత పిల్లను దగ్గరికి పిలిచి తన జపమాల చేతికిచ్చారు.

"ఒక్క రహస్యంతో జపమాల అయిపోదు కదా. ఐదు రహస్యాలు, ఐదు పదులు యాభై. మీవాళ్లను ఎవరినీ తీసేయక్కర్లేదు. పది కాగానే త్రిత్వ స్తోత్రం చెప్పు. ఎవరి దగ్గర ఆగావో గుర్తు పెట్టుకో. తర్వాతి రహస్యంలో మొదటి పూస మీ టీచర్ గారిది. అలా మొత్తం చెబితే నీవాళ్లు ఎన్నిసార్లు వస్తారు?"

సుస్మిత పూసలు జరుపుకుంటూ పెదాలు కదిలించింది. మొహం ఒక్కసారిగా విప్పారింది.

"రెండుసార్లు! అమ్మా, రెండు కట్టలు!"

అప్పటికప్పుడు ఫాదర్ ఆమె చేత ఒక రహస్యం చెప్పించారు. పదికి ఆగింది. ఏడవలేదు. ఆదివారం పూజకు ముందు పిల్లలు చెప్పే జపమాలలో మూడో రహస్యం సుస్మితదే అన్నారు.

"లీవు కోసం ఇయ్యనన్నరు గద ఫాదర్?" అన్నాను. నా నోరు ఊరుకోదు.

"లీవు కోసం ఇవ్వడం లేదు టీచర్ గారూ. వచ్చు కాబట్టి ఇస్తున్నాను."

ఆ మాటకు నా ఛాతీ ఎంత పొంగిందో చెప్పలేను. నా గది పిల్ల అది. అయితే ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, అందులో సగం ఆ బీడీల చాట దగ్గర నేర్చిన చదువే. బయటికి వస్తూ, "ఇంతకు ఇరువై అయిదోది ఎవలే?" అని అడిగాను. కవిత చెప్పబోయింది. సుస్మిత ఎగిరి తల్లి నోటి మీద చెయ్యి పెట్టింది.

ఆదివారం చర్చి నిండిపోయింది. కవిత వాడ నుంచి ఆడవాళ్లు రెండు ఆటోల్లో వచ్చారు. గంగవ్వ బొట్టు పెట్టుకుని, పట్టుచీర కట్టుకుని, మోకాళ్లు పట్టుకుంటూ ఆటో దిగింది. సంజీవ్ ముందురోజే దిగాడు. కొత్త చొక్కా మడతలు ఇంకా పోలేదు. వెనక గోడకు ఆనుకుని, చెప్పులు విడిచే చోట నిలబడ్డాడు. ముందుకు రమ్మంటే, "ఇక్కడ్నే మంచిగున్నది మేడం, మేం ఎప్పుడు ఎనుకనే ఉంటం" అన్నాడు.

జపమాల మొదలైంది. మొదటి రెండు రహస్యాలు, ఇరవై మంగళవార్తలు, వేరే పిల్లలు చెప్పించారు. మూడోది సుస్మిత అందుకుంది. తెల్ల గౌను, తల మీద తెల్ల ముసుగు, చేతిలో ఫాదర్ ఇచ్చిన మాల. గొంతు చర్చి మొత్తానికి వినిపిస్తోంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదో మంగళవార్త దగ్గర కళ్లు తెరిచి, పీఠానికి వీపు పెట్టి వెనక్కి తిరిగింది. తిరిగి, అంతమంది తలల మీదుగా వెనక గోడ వైపు చూస్తూ ఆ జపం చెప్పింది. ఒక్క మాట తడబడలేదు. జనం బదులు చెప్పారు. కవిత వాడ ఆడవాళ్ల వైపు చూశాను. వాళ్ల ఒళ్లలో చేతులు, తమకు తెలియకుండానే, దారం చుట్టి ముడివేశాయి.

పిల్ల మళ్లీ పీఠం వైపు తిరిగి పది పూర్తి చేసింది.

జపమాల అయ్యాక పిల్లలు ఊరేగింపుగా లోపలికి రావడానికి బయట వరసలో నిలబడ్డారు. నేను కొవ్వొత్తులు వెలిగిస్తున్నాను. సంజీవ్ వచ్చి కూతురి ముసుగు సరిచేశాడు.

"ఎనుకకెందుకు చూసినవ్ బిడ్డా? భయమైందా?"

"భయం గాలే. గది నీ బీడీ బాపూ. ఇరువై అయిదోది. నిన్ను ఆఖరుకు పెట్టుకున్న. గారోజు ఫాదర్ చాలు చాలన్నా గందుకే ఆపలే. ఆపుతే నీ దాంక రాను గద."

సంజీవ్ చేతులు ముసుగు మీద అలాగే ఉండిపోయాయి. రెండేళ్లు ఎండలో పనిచేసి వచ్చిన మనిషి. ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. లేచి నిలబడి, చుట్టూ ఉన్నవాళ్లందరినీ చూసి, "నా బిడ్డ" అన్నాడు. గట్టిగానే అన్నాడు.

తర్వాత చెప్పులు విడిచి లోపలికి నడిచాడు. వెనక గోడ దగ్గర ఆగలేదు. బెంచీలన్నీ దాటుకుంటూ వెళ్లి అన్నిటికన్నా ముందు బెంచీలో, దారి పక్కన, సుస్మిత నడిచి వస్తే తనకు తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు.

అది నేను ఏళ్లుగా కూర్చునే చోటు. ఎవరైనా కూర్చుంటే లేపేస్తానని విచారణలో అందరికీ తెలుసు. జనం నా వైపు చూశారు. నేను వెళ్లి వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. నా పిల్లలు అక్కడి నుంచి ఇంకా బాగా కనిపించారు.