కింది వరుసలో పేరు

మిక్సీ పెట్టుకోవడానికి శ్యామలమ్మ ప్లగ్గు పీకింది. గొడవంతా దానికే.

వంటింట్లో స్విచ్‌బోర్డు పాడై చాలా రోజులైంది. ఎలక్ట్రీషియన్‌ని పిలుస్తానని కొడుకు రాజేందర్ రోజూ పొద్దున అంటాడు, సాయంత్రానికి మరిచిపోతాడు. అందుకే ఆరోజు శ్యామలమ్మ పల్లీల చట్నీకి మిక్సీని హాల్లోకి మోసుకొచ్చింది. అక్కడ ఇస్త్రీ బల్ల మీద కోడలు కల్పలత పరుచుకున్న నాలుగు చిన్న సర్క్యూట్ బోర్డులు, వాటి మధ్య రంగురంగుల వైర్లు ఉన్నాయి. వాటివైపు ఓసారి చూసి, చేతికందిన ప్లగ్గు లాగేసింది.

"అత్తమ్మా, అది నడుస్తున్నది. ఎందుకు తీసిన్రు?"

"నడుస్తున్నదా? చప్పుడే లేదు గదా. నడుస్తున్నదని నాకెట్ల తెలుస్తది?"

"చెప్పిన గదా, దాని మీద చెయ్యి వెయ్యొద్దని."

"మరి చట్నీ యాడ రుబ్బాలె? నీ టేబుల్ మీద పెట్టి చేత్తోని పిసకాలెనా?"

రాజేందర్ ఫోన్లోంచి తల ఎత్తకుండానే తీర్పు చెప్పాడు. "జెర సేపట్ల ఏం మునగదు, పట్టనియ్యి. ఆఫీసు పని ఆఫీసుల చేసుకోవాలె." బేగంపేట ఆఫీసుకు రోజూ వెళ్తానని కల్పలత అడిగినప్పుడు, ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు కదా, లోకంలో అందరూ చేయడం లేదా అన్నది కూడా ఈ నోరే. కల్పలతకు ఆ మాట గుర్తుంది. ఆయనకు గుర్తుండే అవసరం ఎప్పుడూ రాలేదు.

మిక్సీ గర్రుమంది. చట్నీలో చింతపండు చాలలేదని అత్తగారు, ఎక్కువైందని ఆయన కాసేపు అనుకున్నారు. పని అయ్యాక శ్యామలమ్మ ప్లగ్గును తనే మళ్ళీ పెట్టి, ఇదిగో, ఎట్ల ఉన్నదో అట్లనే పెట్టిన, ఇంకేం గొడవ అని లోపలికి వెళ్లిపోయింది.

కల్పలత టిఫిన్ బాక్సులు సర్ది, ఇంటర్ చదువుతున్న కూతురు వసుధను కాలేజీకి పంపి, భర్త హెల్మెట్ వెతికి ఇచ్చి, అప్పుడు వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది. చూస్తే ఒక విచిత్రం జరిగి ఉంది. ప్లగ్గు పీకిన బోర్డు మళ్ళీ లేచింది, మాట్లాడుతోంది. కానీ దాని మాట మిగతా మూడూ వినడం లేదు.

ఆమె పని చేసే కంపెనీ కరెంటు సబ్‌స్టేషన్లలో పెట్టే పెట్టెలు తయారు చేస్తుంది. అక్కడ ఒక పెట్టె ఇంకో పెట్టెకు పంపే కబురు దారిలో పోకూడదు, ఆలస్యం కూడా కాకూడదు. అందుకని పెట్టెలన్నింటినీ గుండ్రంగా వైర్లతో కలిపి, ప్రతి కబురునూ రెండు వైపులా ఒకేసారి పంపిస్తారు. ఒకసారి వసుధ అడిగితే ఇలా చెప్పింది: కాప్రాలో మనం ఒకే మాట చెప్పి ఇద్దరిని బేగంపేటకు పంపుతాం, ఒకరు ఈసీఐఎల్ దారిలో, ఒకరు నేరేడ్‌మెట్ దారిలో. ముందు చేరిన వాళ్ళ మాట వింటారు. తర్వాత వచ్చిన వాళ్ళను, విన్నాంలే, పో అంటారు. ఒక దారి తవ్వేసినా కబురు ఆగదు. ఏది కొత్తదో ఏది విన్నదో తెలియడానికి ప్రతి కబురు మీదా పంపినవారి గుర్తు, ఒక వరుస సంఖ్య ఉంటాయి. ఈ ఏర్పాటునంతా ఆపరేటింగ్ సిస్టం అడుగున ఉండి యంత్రాన్ని నడిపే కెర్నెల్‌లో రాయడం ఆమె పని. ఏడాదిగా అదే రాస్తోంది. కుక్కర్ కూతల మధ్య రాసింది, గ్యాస్ బండ అబ్బాయికి తలుపు తీస్తూ రాసింది, ఆడబిడ్డ సీమంతానికి పిండివంటలు చేస్తూ మనసులో రాసుకుని, చేతులు కడుక్కుని వచ్చి ఎక్కించింది.

లోపం ఎక్కడుందో మధ్యాహ్నానికి దొరికింది. ఆగిపోయి లేచిన బోర్డు తన కబుర్ల లెక్క మళ్ళీ మొదటి నుంచి షురూ చేసింది. మిగతావి పాత లెక్క మీదే ఉన్నాయి. చిన్న సంఖ్య చూడగానే, ఇది ఎప్పుడో విన్నదే అని పారేస్తున్నాయి. ఆఫీసు ల్యాబులో అందరూ వైర్లు తెంపి చూశారు, రకరకాలుగా తెంపారు. ఒక పెట్టెను ఆపేసి మళ్ళీ నడిపితే ఏమవుతుందో చూడాలని ఎవరికీ తోచలేదు, ఆమెకు కూడా. పారేస్తున్న ఆ కబుర్లను తెర మీద చూస్తుంటే ఆమెకు ఆఫీసు మీటింగులు గుర్తొచ్చాయి. వసుధ పుట్టాక ఉద్యోగం మాని, కొన్నేళ్ల తర్వాత మళ్ళీ చేరింది. చేరిన కొత్తలో నోరు విప్పితే చాలు, "అది ముందే అనుకున్నం గదా" అనేవాడు టీం లీడర్ విజయేందర్. ఎవరు అనుకున్నారో, ఎప్పుడు అనుకున్నారో చెప్పేవాడు కాదు. ఆమె నవ్వుకుని, ఏ బోర్డు గొంతైనా కాసేపు వినిపించకపోతే దాని పాత లెక్కను మిగతావి మరిచిపోవాలని నాలుగు వరుసలు రాసింది. మళ్ళీ ప్లగ్గు పీకింది, పెట్టింది. ఈసారి దాని మాట మూడూ విన్నాయి.

విజయేందర్‌కు ఫోన్ చేసి చెప్పింది. అతను రాజేందర్‌తో కలిసి చదువుకున్నవాడు. ఆఫీసులో కల్పలత గారూ అంటాడు, ఏదైనా తీసుకోవాలనుకున్నప్పుడు వదినా అంటాడు.

"మస్తు పని చేసిన్రు వదినా. ఈ కొత్త నాలుగు వరుసలు సుత నాకు పంపుండ్రి. కెర్నెల్ మెయిలింగ్ లిస్టుకు రేపు నేను పంపిస్త, కింద నా పేరు పెట్టి. టెస్ట్ చేసినోళ్ల దగ్గర మీ పేరు తప్పకుండ పెడ్త."

"రాసింది నేను గదా?"

"మీరే, ఎవరు కాదన్నరు? కానీ పేరు ఎవరిదైతే ఇక ప్రశ్నలన్నీ వాళ్లకే వస్తయి, బెంగళూరు టెస్టింగ్‌కు సుత వాళ్లే పోవాలె. మీకు కుదరదని, ఇంట్ల తక్లీఫ్ అయితదని రాజేందరే అన్నడు. నువ్వే పెట్టుకో భాయ్ అన్నడు. మీకు చెప్పలేదా?"

చెప్పలేదు. ఆ ఫోన్ ఆదివారం వచ్చి ఉండాలి. ఆయన బాల్కనీలో నవ్వుతూ మాట్లాడుతుంటే ఎవరని అడిగింది, ఏం లేదు, విజయేందర్ గాడు అన్నాడు. ఆమె ఆయనకు టీ ఇచ్చి లోపలికి వచ్చేసింది. అంటే ఆమె టీ వడపోస్తున్నంత సేపట్లో ఆమె ఏడాది పని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారిపోయింది, అదీ దుర్మార్గంతో కాదు. అదే ఆమెను ఎక్కువగా మండించింది. పక్కింటి వాళ్ళకు నిచ్చెన ఇచ్చినంత తేలికగా ఇచ్చేశాడు, తీసుకున్నవాడూ అంతే తేలికగా తీసుకున్నాడు. తనని అడగాలన్న ఊహే ఇద్దరిలో ఎవరికీ రాలేదు. ఇలాంటివి ఎన్ని జరిగాయో వెనక్కి చూసుకుంటే వరసగా కనిపించాయి. మా ఆమెకు కారు నడపడం ఇష్టం లేదు అన్నాడు ఒకసారి, ఎవరితోనో. మా ఆమె జీతం గురించి పట్టించుకోదు అన్నాడు. ఆడబిడ్డ సీమంతానికి, మా ఆమె సెలవు పెడుతుంది, వంటవాళ్ళెందుకు అన్నాడు. ప్రతిసారీ ఆమె అక్కడే, పక్క గదిలోనే ఉంది.

ఆ కెర్నెల్ ఒక్క కంపెనీది కాదు, ప్రపంచమంతా కలిసి రాసేది; దాన్ని రాసేవాళ్ళ లోకంలో ఒక కట్టుబాటు ఉంది. కెర్నెల్‌కు ఎవరు కొత్త కోడ్ పంపినా అందరూ చదివే ఈమెయిల్ లిస్టుకు బాహాటంగా పంపాలి. అడుగున ఒక వరుసలో, ఇది ఇచ్చే హక్కు నాకుందని ఒప్పుకుంటూ తన అసలు పేరు రాయాలి. అది ప్రమాణంలాంటిది. అబద్ధం రాయించుకోవడానికి పెట్టిన వరుస కాదు. విజయేందర్ ఆఫీసు సర్వర్లో తయారుగా ఉంచిన ముసాయిదా తెరిచింది. ఏడాదిగా రాసిన ఒక్కో భాగం కింద అతని పేరు. కంపెనీ అనుమతి ఎప్పుడో వచ్చింది. లిస్టుకు పంపడానికి ఇంకెవరినీ అడగాల్సిన పని లేదు. ఒక్కొక్క చోట అతని పేరు చెరిపి తన పేరు టైపు చేసింది. సైనిక్‌పురి స్కూల్లో హాజరు పిలిచినప్పుడు లేచి నిలబడి చెప్పిన పూర్తి పేరు అది. సాయంత్రం కూరగాయల బండి వీధిలోకి వచ్చే ముందే లిస్టుకు పంపించింది. తెలియలేదనకుండా విజయేందర్‌కూ ఒక ప్రతి పంపి, కిందికి దిగి బెండకాయలు ఏరుకుంది.

ఆ ఇంట్లో రొట్టెలు పెనం మీది నుంచి నేరుగా కంచంలోకి రావాలి. కాబట్టి అందరి తిండీ అయ్యేదాకా ఆమె పొయ్యి దగ్గర నిలబడుతుంది. ఆ రాత్రి జొన్న రొట్టెలన్నీ ముందే చేసి డబ్బాలో పెట్టి, బల్ల మీద ఉంచి, తనూ కంచం పెట్టుకుని కూర్చుంది. శ్యామలమ్మ డబ్బా వంక చూసింది, కోడలి వంక చూసింది. రాజేందర్ చూడలేదు. ఆయన ముఖం ఇంటికి వచ్చేటప్పుడే గంటు పెట్టుకుని ఉంది.

"విజయేందర్ ఫోన్ చేసిండు," అన్నాడు చివరికి. "ఏందీ గిట్ల చేసినవు? వాని ఇజ్జత్ ఏం గావాలె?"

"నేను రాసిన దాని కింద నా పేరు రాసిన. ఆయన ఇజ్జత్ దాంట్ల ఎందుకున్నదో ఆయన్నే అడుగుండ్రి."

"రేపటి నుంచి అందరు ప్రశ్నలేస్తరు. జవాబులు ఎవరు రాస్తరు?"

"నేనే రాస్త. ఒకటి అప్పుడే వచ్చింది, రాసిన కూడా. బెంగళూరు టెస్టింగ్‌కు బుధవారం పోతున్న. టికెట్ బుక్ చేసుకున్న."

శ్యామలమ్మ ముద్ద నోటి దగ్గర ఆపింది. "మరి ఇక్కడ వంట?"

"వంట చేతగానోళ్లు ఈ ఇంట్ల ఎవరూ లేరు అత్తమ్మా. చెయ్యనోళ్లు ఉన్నరు."

వసుధ నవ్వు ఆపుకోలేక నీళ్ల గ్లాసు అడ్డం పెట్టుకుంది. రాజేందర్ కూతురి వైపు కోపంగా చూశాడు. ఆ తర్వాత ముక్కలైన రొట్టెనే మళ్ళీ తుంచాడు. ఆయన గొంతు కాస్త తగ్గింది.

"సరే, అయింది ఏదో అయింది. ఇప్పుడు వానికి నేనేం చెప్పాలె?"

కల్పలత డబ్బా మూత తీసి ఇంకో రొట్టె తన కంచంలో వేసుకుంది.

"మీరేం చెప్పకుండ్రి. నా గురించి ఎవరన్నా అడిగితే ఫోన్ నాకియ్యిండ్రి. నా తరఫున మీరు మాట్లాడుడు ఇయ్యాల్టితోని బంద్."