కార్డుకు సరిపోలని సంతకం

ఆదివారం సాయంత్రం అయ్యేసరికి బోర్డుల తాత సంతకానికి సిద్ధమయ్యేవాడు. ముందుగా కిటికీ పక్కనున్న బల్లను మనవరాలిచేత తుడిపించేవాడు. తరువాత, పడిపోయిన తన కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి, గాలికి కాగితం ఎగిరిపోకుండా రాయి పెట్టినట్టు, ఆ పిల్ల లెక్కల కాగితం అంచున పెట్టేవాడు.

"చూశావా అమ్మడూ, దీనికి ఇంకా ఉద్యోగం పోలేదు," అనేవాడు.

పక్షవాతం అతని మూతిని కూడా కొద్దిగా పక్కకు లాగింది. మాట నలిగి, ఒక అడుగు వెనుకబడి బయటికి వచ్చేది. అటుపైన ఎడమచేతి వేళ్ళ మధ్య పెన్ను ఇరికించుకొని, పంటి బిగువున, ఒక్కొక్క అక్షరాన్నీ లోతైన బావిలోంచి తోడినట్టు పైకి లాగేవాడు. పని పూర్తయ్యేసరికి చొక్కా మెడ తడిసిపోయేది. కాగితం మీద మిగిలేది మాత్రం కోడి గీరిన నేల.

ఆ ఊళ్ళో సగం దుకాణాల పేర్లు ఆ మనిషి చేతిమీదుగా పుట్టినవే. మందుల షాపు బోర్డూ అతనిదే, శ్మశానం గేటు మీది బోర్డూ అతనిదే. "అక్కడ నయం కానివాళ్ళకు ఇక్కడికి దారి చూపించాను," అని తనలో తాను నవ్వుకునేవాడు. అతని సంతకం కూడా అతని బోర్డుల వంటిదే. మొదటి అక్షరం ద్వారబంధంలా నిలిచేది, తక్కినవి దాని వెంట బారులు తీరేవి, వాటన్నిటి కిందా ఒక్క ఊపిరిలో లాగిన పొడుగాటి తోక ఉండేది. ఆ తోక లాగేటప్పుడు పెన్ను ఎత్తకూడదన్నది అతని నియమం. ఎత్తితే చెయ్యి భయపడిందని అర్థం.

ఆ పిల్లను కని తల్లి పురిట్లోనే కన్నుమూసింది. తండ్రి మరో పెళ్ళి చేసుకొని మరో ఊరివాడయ్యాడు. తల్లి అయినా తండ్రి అయినా తాతే. పాత రేకుల మీద కుంచె పట్టించి అక్షరాలు దిద్దించాడు. లెక్కలు మాత్రం ఎవరూ నేర్పలేదు. అవి ఆమెకు మంచినీళ్ళు తాగినంత సులువు. ఏడో తరగతి మొదటి సెక్షన్‌లో పరీక్ష పెట్టిన ప్రతిసారీ ఆమె పేపరే అన్నిటికంటే పైన ఉండేది.

అయితే ఆ తరగతిలో పరీక్షలకు సగం మార్కులే. తక్కిన సగం హోంవర్కుకు. లెక్కల టీచరు శుక్రవారం కాగితం ఇస్తుంది. సోమవారం పెద్దల సంతకంతో తిరిగి తేవాలి. బడి తెరిచిన వారంలోనే పెద్దలందరినీ పిలిపించి, ఒక్కొక్కరిచేత ఒక్కొక్క కార్డు మీద సంతకం పెట్టించుకుంది. సోమవారం నాడు ముందు కార్డు తీసి సంతకాన్ని సరిచూస్తుంది. సరిపోలితేనే లెక్కలు చూస్తుంది. సరిపోలకపోతే లెక్కలు చూడకుండానే సున్నా. పిల్లలు ఆమెను చాటున సున్నా మేడం అనేవారు. ఆ రూలు పుట్టినప్పుడు దుర్మార్గంతో పుట్టలేదు. బిడ్డ ఏం చదువుతున్నదో ఇంట్లో పెద్దలు వారానికొకసారైనా కన్నెత్తి చూస్తారని ఆమె ఆశించింది. కానీ ఆ రూలుకున్న కళ్ళు రెండూ కార్డు మీదే ఉండిపోయాయి. ఇంటివైపు ఒక్కటీ తిరగలేదు.

తాత ఆ కార్డు మీద కుడిచేత్తో, తోకతో సహా సంతకం పెట్టివచ్చాడు. వానాకాలం ముగిసేలోగా ఆ చెయ్యి పడిపోయింది.

అప్పటినుంచి ఎడమచేతి సంతకాలు. వాటికి ఏం జరుగుతున్నదో అతనికి తెలియదు. "మేడం ఏమంది?" అని అడిగితే, "బాగుందంది తాతా," అని మనవరాలు చెప్పేది. తరువాత ఒక ఆదివారం ఆమె కాగితం తేలేదు.

"ఈ వారం హోంవర్కు లేదు తాతా."

"ఎందుకు లేదు? సున్నా మేడానికి సున్నాలు అయిపోయాయా?"

ఆమె నవ్వలేదు. అది అతనికి గుర్తుంది.

ఆ వారం గడవకముందే బడి ప్యూను గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "పెద్దాయనా, మిమ్మల్ని పెద్ద మేడం రమ్మంటోంది. మీ మనవరాల్ని రెండో సెక్షన్‌కి మార్చేస్తారట. పెద్దలతో మాట్లాడకుండా మార్చకూడదు గదా, అందుకని."

రెండో సెక్షన్ అంటే ఏమిటో తాతకు తెలుసు. అక్కడికి దిగినవాళ్ళు మళ్ళీ పైకి రారు. పై తరగతుల లెక్కలు మొదటి సెక్షన్ వాళ్ళకే.

బడి వరండాలో, పెద్ద మేడం గది ముందు, బెంచీ మీద అతన్ని కూర్చోబెట్టారు. తలుపు మీద "అనుమతి లేనిదే లోనికి రారాదు" అని ఉంది. అది కూడా అతను రాసిందే. 'రాసేటప్పుడు నన్నెవరూ అనుమతి ఉందా అని అడగలేదు,' అనుకున్నాడు.

మనవరాలి పక్కన కూర్చునే పిల్ల ఒకతె మంచినీళ్ళ సీసా నింపుకొని అటుగా వస్తూ ఆగింది.

"తాతగారూ, మీరు వచ్చారా? దానికి నేను ఎన్నిసార్లు చెప్పానో మీకు తెలీదు. వింటేగా."

"ఏం చెప్పావమ్మా?"

"సంతకం నువ్వే పెట్టుకోవే అని. మేమందరం అంతే. మా నాన్న సంతకం మా నాన్నకంటే నాకే బాగా వచ్చు. ఆయన తొందరలో ఉంటే ఒక రకంగా పెడతాడు, తీరిక దొరికితే ఇంకో రకంగా పెడతాడు. నేనైతే ఎప్పుడూ కార్డులో ఉన్నట్టే పెడతాను. నాకు ఒక్క సున్నా కూడా లేదు."

"మరి మా అమ్మడికి?"

ఆ పిల్ల నాలుక కరుచుకుంది. "మీకు చెప్పలేదా? మీ చెయ్యి పడిపోయిన దగ్గర్నుంచీ అన్నీ సున్నాలే. మా తాతకి బాగోలేదు మేడం అని లేచి చెప్పింది కూడా. హోంవర్కు తేనివాళ్ళందరి ఇళ్ళలోనూ ఒక తాత మంచం ఎక్కుతాడు, కూర్చో, అంది మేడం. క్లాసంతా నవ్వారు." ఒక క్షణం ఆగి, "నేను కూడా," అంది.

గంట మోగింది. ఆ పిల్ల పరుగెత్తింది. తాత తన ఎడమచేతిని తిప్పి చూసుకున్నాడు. తన చొక్కా మెడ తడిసిన ఆదివారాలన్నీ సోమవారానికల్లా సున్నాలయ్యాయి. మనవరాలు వాటిని మింగి, ఇంటికి వచ్చి, "బాగుందంది తాతా" అని చెప్పింది.

లోపల పెద్ద మేడం కుర్చీలో ఉంది. లెక్కల టీచరు ఆమె పక్కన నిలబడింది. మనవరాలు గోడకు ఆనుకొని నేలను చూస్తున్నది. బల్ల మీద కార్డు, దాని పక్కన వారం వారం కాగితాలు పరిచి ఉన్నాయి.

"కూర్చోండి పెద్దాయనా," అంది లెక్కల టీచరు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "అమ్మాయి తెలివైంది, కాదనను. కానీ ఈ కాగితాలన్నీ చూడండి. ఇవి మీ సంతకాలేనా? చిన్నపిల్లలు కూడా ఇంత అడ్డగోలుగా దొంగసంతకం పెట్టరు. పోయిన సోమవారం పిలిచి, ఇక మీ పెద్దలకు కబురు పంపిస్తానని చెప్పాను. చెప్పిన వారానికి ఇది తెచ్చింది." ఆమె ఒక కాగితాన్ని ముందుకు జరిపింది. "కార్డుతో అచ్చు గుద్దినట్టు సరిపోయింది. పదికి పది ఇచ్చాను. అంటే ఇదొక్కటి మీచేత పెట్టించింది, తక్కినవన్నీ తను గీసింది. అవునా?"

తాత ఆ కాగితం మీదికి వంగాడు.

అది అతని సంతకమే. రోగం రాకముందటి సంతకం, అతను ఇక ఎన్నటికీ పెట్టలేని సంతకం. మొదటి అక్షరం ద్వారబంధంలా నిలిచింది. తక్కినవి బారులు తీరాయి. కింద తోక ఉంది. తోక సగంలో, ఈగ కాలంత చోట, పెన్ను ఎత్తి మళ్ళీ ఆనించిన జాడ ఉంది.

అతనికి అంతా అర్థమయింది. పాత రేకుల మీద తాను నేర్పిన చెయ్యి అది.

ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఆ ఒక్కటీ నాదే అంటే తక్కినవన్నీ దొంగవవుతాయి. తక్కినవి నావి అంటే ఆ ఒక్కటీ దొంగదవుతుంది. ఎటు అడుగు వేసినా జారి పడేది ఆ పిల్లే. అన్నీ నావే అందామా అనుకున్నాడు. ఒళ్ళో పడి ఉన్న కుడిచెయ్యి ఆ మాటను నోటిదాకా రానివ్వలేదు.

చివరకు అతను ఒకటే ఆలోచించాడు. ఇన్ని వారాలూ తరగతి అంతా అబద్ధం పెట్టి పదులు తెచ్చుకుంటుంటే, ఈ పిల్ల నిజం తీసుకువెళ్ళి సున్నాలు తెచ్చుకుంది. ఆ నిజాన్ని తన నోటితో అబద్ధం చేస్తే, ఇక ఆమెకు ఈ లోకంలో మిగిలేది ఏముంది?

"ఇవన్నీ నావి," అన్నాడు, మాట మాటకూ ఆగుతూ. "ఇదొక్కటే... నాది కాదు."

గోడ దగ్గర మనవరాలు కళ్ళు మూసుకుంది.

"పెన్ను ఇప్పించండి," అన్నాడు తాత.

కుడిచేతిని ఎత్తి కాగితం మీద బరువు పెట్టాడు. ఎడమచేత్తో మొదలుపెట్టాడు. చెమట కణతల మీదుగా దిగింది. సంతకం పూర్తయ్యాక కాగితాన్ని లెక్కల టీచరు వైపు నెట్టాడు. కోడి గీరిన నేల. పరిచిన కాగితాల మీదిదీ అదే నేల, అదే కోడి.

లెక్కల టీచరు చాలాసేపు చూసింది. ఒక పాత కాగితాన్ని తీసి దాని పక్కన పెట్టింది, మరొకటి పెట్టింది. ఆ కాగితాల మీది లెక్కలను ఆమె చూడటం అదే మొదటిసారి కావచ్చు. ఒక్క తప్పు కూడా లేదు.

"చెయ్యి పడిపోయిందని చెప్పింది," అంది మెల్లగా, పెద్ద మేడంతో. "నేను నమ్మలేదు. ఆ సున్నాలు తీసేసి..."

"పోయిన టర్మ్ మార్కులు పైకి వెళ్ళిపోయాయి," అంది పెద్ద మేడం. "వెళ్ళిన మార్కులు వెనక్కి రావు. కార్డుతో సరిపోలాలన్నది మీరు పెట్టిన రూలే. అది అచ్చయి గోడ మీద ఉంది. ఈయన నిజంగానే పెట్టి ఉండవచ్చు, కానీ కార్డుతో సరిపోలలేదు. సరిపోలినది దొంగది. ఆ మాట చెప్పింది కూడా ఈయనే."

"అమ్మగారూ, ఒక్క మాట," అన్నాడు తాత. "ఆ తరగతిలో అందరి కార్డులూ తీయించండి. పెద్దలందరినీ పిలిపించండి. నాచేత పెట్టించినట్టే, ఒక్కొక్కరిచేతా మీ ముందు సంతకం పెట్టించండి. ఎన్ని సరిపోతాయో చూద్దాం."

"మిగతావాళ్ళ మీద ఫిర్యాదేమీ లేదండీ," అంది పెద్ద మేడం.

తాత లెక్కల టీచరు ముఖం చూశాడు. ఆమె ఇప్పుడు ఒక్క మాట అంటే చాలు. ఆమె పెన్నుకు మూత పెట్టి, కాగితాలను అంచులు కలిసేలా బల్ల మీద తట్టి, దొంతిగా సర్దింది.

ఇంటికి వచ్చే దారిలో, ఆ ఊరి బోర్డులన్నిటి కిందుగా, వాళ్ళిద్దరూ నడిచారు. మందుల షాపు దాటాక మనవరాలు అంది:

"నాకు సున్నాలు వస్తున్నాయని నీకెందుకు చెప్పలేదో తెలుసా?"

"తెలుసు."

"ఆ ఒక్కటీ నీదే అని ఉండాల్సింది తాతా."

"అంటే మాత్రం రెండో సెక్షన్‌కి పంపించకుండా ఉండేవాళ్ళా?"

"పంపించేవాళ్ళే. కానీ దొంగదని నువ్వే చెప్పినట్టు ఉండేది కాదు."

న్యాయం తన పక్కన ఉన్నదని అతనికి తెలుసు. ఆ న్యాయం తన మనవరాలి చెయ్యి పట్టుకొని రెండో సెక్షన్ గుమ్మం దాకా దింపివచ్చిందని కూడా తెలుసు.

రెండో సెక్షన్‌లో హోంవర్కు లేదు. అక్కడి పిల్లలు చేయరని, ఇవ్వడం మానేసి ఎంతో కాలమయింది. రెండు వారాలు గడిచాక ఒక ఆదివారం సాయంత్రం తాత అలవాటు కొద్దీ కిటికీ పక్కన కూర్చున్నాడు. బల్ల ఎవరూ తుడవలేదు.

తలుపు తోసుకొని, వరండాలో మాట్లాడిన పిల్ల వచ్చింది. తాతను చూసి తడబడి, మనవరాలి చెవి దగ్గరికి వంగింది. గది చిన్నది, అన్నీ వినిపించాయి.

"మేడం ఇప్పుడు భూతద్దం తెచ్చుకుందే. పోయిన వారం నాది రెండుసార్లు చూసింది. మా నాన్న సంతకం నువ్వయితే బాగా పెడతావు. బోర్డులవాళ్ళ పిల్లవి గదా. ఇదిగో నా లెక్కల కాగితం, కార్డులో ఎలా ఉందో కూడా చూసి రాసుకొచ్చాను."

మనవరాలు తాత వైపు చూడలేదు. కాగితం తీసుకొని వచ్చి, బల్లను అరచేత్తో తుడిచి, అతని ఎదురుగా కూర్చుంది.

"అమ్మడూ, వద్దు," అన్నాడు తాత.

"దీనికి పది వస్తుంది తాతా," అంది ఆమె, తల ఎత్తకుండా.

కిటికీలోంచి గాలికి కాగితం అంచు లేచింది. ఆమె చెయ్యి చాచి, అతని కుడిచేతిని మెల్లగా ఎత్తి, దాని మీద పెట్టింది. తరువాత మొదటి అక్షరం మొదలుపెట్టింది. కింద గీత లాగేటప్పుడు ఈసారి పెన్ను ఎక్కడా ఎత్తలేదు.